ఉదాత్తత: చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడు?

మన సాహిత్య విమర్శలో విరివిగా వాడుకలో ఉండి, అందుకు తగినంత ఆలోచనకు నోచుకోని మాటల్లో 'ఉదాత్తత' ఒకటి. ఉదాత్తమైన శైలి అంటాం, ఉదాత్తమైన పాత్ర అంటాం, సంతాపసభల్లో అయితే పోయినవాళ్ళందరూ ఉదాత్తులే. పాశ్చాత్యులు 'సబ్లైమ్' అన్నదానికి మనం ఈ మాటను సర్దుకున్నాం. సర్దుకోవటంలో తప్పు లేదు గాని, రెండు వేరు వేరు వంశాల భావాలు ఒకే ఇంటిపేరు కింద కాపురం చేస్తున్న సంగతి మరిచిపోతున్నాం. మన ఆలంకారికుల ఉదాత్తాలంకారం సంపద్వైభవాన్నీ, మహాపురుషుల చరిత్రనూ వర్ణించేది. ధీరోదాత్తుడు కావ్యనాయకుడు. అంటే మనవాళ్ళకు ఉదాత్తత మనిషి గుణం. అందులోనూ పైమెట్టు మీద ఉన్న మనిషి గుణం. యూరపులో మాత్రం పద్దెనిమిదో శతాబ్దం నుంచి అది ప్రధానంగా మనిషిని హడలగొట్టే ప్రకృతి తాలూకు అనుభవం అయింది. దానికి మన లెక్కలో చుట్టరికం వెతకాలంటే అద్భుత, భయానక రసాల దగ్గరికి వెళ్ళాలి. విస్మయమూ భయమూ ఎక్కడ కలుస్తాయో అక్కడ వెతకాలి.

ఈ చర్చ ఇప్పుడెందుకని మిత్రులు అడగవచ్చు. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళకూ 280 పాళ్ళుండిన బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. సముద్రాలు వేడెక్కుతున్నాయి, మంచుకొండలు కరుగుతున్నాయి. పర్వతం, సముద్రం, తుఫాను - వీటిని మనిషి చెయ్యి పడని మహాశక్తులుగా భావించి కట్టిన సౌందర్యశాస్త్రం ఒకటుంది. వాటిమీద మనిషి చెయ్యి పడిందని తేలాక ఆ శాస్త్రం గతి ఏమిటి? ఇది వాతావరణ శాస్త్రజ్ఞులకు వదిలెయ్యవలసిన ప్రశ్న కాదు. తుఫాను మీద కవిత రాసే ప్రతివాడూ, తెలిసో తెలియకో, ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబు ఇస్తూనే ఉన్నాడు.

ముందు ఆ శాస్త్రం ఏమన్నదో క్లుప్తంగా చూద్దాం. లాంజినస్ పేరు మీద మనకు దక్కిన గ్రీకు గ్రంథంలో ఉదాత్తత ముఖ్యంగా వాక్కుకు సంబంధించింది. శ్రోతను ఒప్పించటంతో ఆగక పరవశుణ్ణి చేసే మాటబలం. 1757లో ఎడ్మండ్ బర్క్ దాన్ని వాక్కునుంచి లాగి భయం చేతిలో పెట్టాడు. చీకటి, అనంతం, అపారమైన బలం, స్పష్టంగా కనిపించనితనం - ఇవన్నీ భయం పుట్టిస్తాయి. ఆ భయం మరీ మీదకొచ్చి పడితే బాధ. కాస్త ఎడంగా ఉంటే ఒక విచిత్రమైన ఆనందం. (ఫ్రెంచి విప్లవాన్ని 1790లో తిట్టిపోసిన బర్కూ ఇతనే. ప్యారిస్ జనం ఆయనకు తగినంత ఎడంగా ఉన్నట్టు అనిపించలేదేమో!) అదే 1790లో ఇమ్మాన్యుయేల్ కాంట్ తన మూడో 'విమర్శ' గ్రంథంలో ఈ భావాన్ని ఇంకా లోతుకు తీసుకెళ్ళాడు. ఉరిమే మేఘాలు, అగ్నిపర్వతాలు, పోటెత్తిన సముద్రం మన శరీరాన్ని చీమకింద లెక్కగడతాయి. కాని ఆ క్షణంలోనే మనలోని వివేకం ఈ బలానికి లొంగేది కాదని మనకు తెలిసివస్తుంది. కాబట్టి ఉదాత్తత కొండలో లేదు, చూసేవాడి మనసులో ఉంది. అయితే ఒక షరతు: చూసేవాడు సురక్షితమైన చోట ఉండాలి. నిజంగా భయపడుతున్నవాడు ఉదాత్తతను గ్రహించలేడు.

నా వ్యాసానికి ఆయువుపట్టు ఈ షరతే. సిద్ధాంతకర్తలు సాధారణంగా దీన్ని అలా చెప్పి ఇలా దాటిపోతారు. కాంట్ కూడా దాటిపోయినవాడే గాని, పోతూ పోతూ ఒక సాక్షిని వదిలిపెట్టాడు. ఆ సాక్షి సవోయ్ రైతు.

సవోయ్ ఆల్ప్స్ పర్వతాల ప్రాంతం. జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ద సొస్యూర్ అక్కడి పర్వతాల గురించి రాసిన గ్రంథాలను కాంట్ చదివాడు. మంచుకొండల మీద మోజుపడి వచ్చేవాళ్ళందరూ పిచ్చివాళ్ళని ఒక సవోయ్ రైతు తడుముకోకుండా అన్నాడట. రైతు మంచివాడే, తెలివైనవాడే, కాని సంస్కారం అలవడనివాడు గనుక ఉదాత్తమైనది అతనికి వట్టి భయంకరంగా తోచింది అన్నది కాంట్ వ్యాఖ్యానం. కోనిగ్స్‌బర్గ్ పరిసరాలు దాటని కాంట్ ఒక్క మంచుకొండనూ కళ్ళారా చూసినవాడు కాదు. రైతు రోజూ దాని కింద బతికినవాడు. సౌందర్యశాస్త్ర చరిత్రలో ఇంతకన్నా సూటిగా వర్గవిభజన కనిపించే సన్నివేశం నాకు ఎక్కడా తగల్లేదు.

ఆ రైతు మాటకు చరిత్ర ఉంది. షమోనీ లోయలో హిమానీనదాలు - అంటే నెమ్మదిగా జారే మంచునదులు - పదిహేడో శతాబ్దం మొదట్లో ముందుకు జరిగి పొలాలనూ పల్లెలనూ మింగాయి. శిస్తు తగ్గించమని జనం అర్జీలు పెట్టుకున్నారు. 1644లో జెనీవా బిషప్పుకు సహాయకుడైన షార్ల్ ద సాల్ దాదాపు మూడు వందలమందితో ఊరేగింపుగా వెళ్ళి మంచును వెనక్కి మళ్ళమని ప్రార్థనలు జరిపాడు. నూరేళ్ళు తిరగకుండానే, 1741లో, విండ్‌హామ్ అనే ఆంగ్లేయ యువకుడు అదే మంచును వేడుకగా చూడటానికి వచ్చాడు. అప్పటినుంచి దాని పేరు 'మేర్ ద గ్లాస్', మంచు సముద్రం. మోఁ బ్లాఁ శిఖరాన్ని ఎక్కే దారి కనిపెట్టినవాళ్ళకు సొస్యూర్ బహుమానం ప్రకటిస్తే 1786లో ఎక్కినవాళ్ళు స్థానికులు - ఒకడు ఊరి వైద్యుడు, ఒకడు కొండల్లో స్ఫటికాలు ఏరుకుని బతికేవాడు. మరుసటి ఏడు సొస్యూర్ ఎక్కాడు, 18 మంది మార్గదర్శకుల వెంట. మోసినవాళ్ళ ఉదాత్తానుభవం ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు.

1816 వేసవిలో షెల్లీ, మేరీ ఇదే లోయకు వచ్చారు. ఆ ఏడు వేసవి సరిగా వేసవి కాలేదు. అంతకు ముందు ఏడు ఏప్రిల్‌లో ఇండొనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై, ఆ ధూళి పొర ఉత్తరార్ధగోళం మీద ఎండను అడ్డుకుంది. యూరపులో పంటలు పోయాయి, తిండి గింజలు కరువయ్యాయి. ఎక్కడో పేలిన కొండకూ తమ కిటికీ బయట ఆగని వానకూ సంబంధం ఉందని అప్పుడు ఎవరికీ తెలియదు. మేరీ 1818లో ప్రచురించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలలో శాస్త్రజ్ఞుడు తాను సృష్టించిన జీవికి ముఖాముఖి ఎదురుపడేది ఎక్కడనుకున్నారు? మేర్ ద గ్లాస్ మంచు మీదనే. కొండల ఉదాత్తతతో మనసు ఊరడించుకుందామని వెళ్ళినవాడికి అక్కడ ఎదురొచ్చింది తన చేతిపనే. రచయిత్రి ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, మన కాలపు అనుభవానికి ఇంతకన్నా మంచి రూపకం లేదని నేననుకుంటాను.

ఇవాళ ఆ మంచు సముద్రం 1850 నాటితో పోలిస్తే రెండు కిలోమీటర్లకు పైగా వెనక్కి తగ్గింది. యాత్రికుల కోసం 1988లో కట్టిన తీగబండి దిగితే అప్పట్లో నాలుగడుగుల్లో మంచు అందేది. తర్వాత తర్వాత ఐదు వందలకు పైగా మెట్లు దిగవలసి వచ్చింది. దారి పొడుగునా ఏయే సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే పలకలు పెట్టారు. 1644లో జనం మొక్కిన మొక్కు ఇన్నాళ్ళకు తీరిందన్నమాట! తీర్చింది మాత్రం దేవుడు కాదు.

ఎవరు తీర్చారు? ఇక్కడ మాటలతో జాగ్రత్త పడాలి. భూమి చరిత్రలో కొత్త దశ మొదలైందనీ, దాన్ని 'ఆంత్రొపొసీన్' అంటే మానవయుగం అనాలనీ 2000లో క్రుట్జెన్, స్టోర్మర్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. 2024లో భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుల సంఘం దాన్ని అధికారికమైన భూయుగంగా ఆమోదించడానికి నిరాకరించింది. శాస్త్రంలో ఏమైనా, సాహిత్యంలో మాత్రం ఆ మాట స్థిరపడింది. నాకు దానిమీద అభ్యంతరం 'మానవ' అనే మూడు అక్షరాల దగ్గరే. ఏ మానవుడు? షమోనీ రైతూ మానవుడే, మాంచెస్టరు మిల్లు యజమానీ మానవుడే. గోదావరి లంకల్లో కూలికిపోయే మనిషిని బొగ్గు గనుల వాటాదార్లతో కలిపి ఒకే కర్తను చెయ్యటం వ్యాకరణరీత్యా సులువు, చరిత్రరీత్యా అబద్ధం. కొందరు మార్క్సిస్టు పండితులు అందుకే దీన్ని పెట్టుబడియుగం అన్నారు. పేరు మాట ఎలా ఉన్నా, మార్క్సు 1844 నాటి రాతప్రతుల్లోనే ఒక సంగతి పట్టుకున్నాడు: పనిచేసేవాడి చేతిలోంచి వచ్చిన వస్తువు అతనికి పరాయిదై, శక్తిమంతమై, అతనికి ఎదురుతిరిగి నిలబడుతుంది. వేడెక్కిన ఆకాశం అటువంటి వస్తువే. రెండు శతాబ్దాలుగా గనుల్లో, కొలుముల్లో ధారపోసిన శ్రమ పొగగా పైకి చేరి, ప్రకృతి శక్తి వేషం వేసుకుని కిందికి దిగివస్తున్నది. కాంట్ చెప్పిన రెండో మెట్టు, అంటే వివేకం ప్రకృతిని మించి తలెత్తటం, ఇక్కడే జారిపోతుంది. ఎదురుగా ఉన్నది మన వ్యవస్థ వివేకమే అయినప్పుడు దేనిని మించి తలెత్తటం?

ఈ వేషం కళలో కొత్త కాదు. టర్నర్, మొనే చిత్రాల్లోని లండన్ పొగమంచు కాంతిని చూసి మురిసిపోయాం. 1800 తర్వాత ఆ చిత్రాల్లో రేఖలు మసకబారుతూ, తెలుపు పెరుగుతూ వచ్చిన తీరు అప్పటి గాలిలో బొగ్గు కాల్చగా వచ్చిన గంధకం పొగ పెరుగుదలతో సరిపోలుతున్నదని 2023లో ఇద్దరు వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపారు. శైలి అంతా పొగేనంటే నేనొప్పుకోను. పొగ కూడా శైలిలో భాగమంటే మాత్రం కాదనలేను.

ఇక మన ఇంటి సంగతి. ప్రకృతిని లొంగదీసే యంత్రాన్ని చూసి పరవశించినవాళ్ళలో అభ్యుదయవాదులం మనమూ ఉన్నాం. దాన్ని దాచవలసిన పని లేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. రాతితో కట్టిన ఆ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. వేలాదిమంది ఆడామగా రాళ్ళు మోసి కట్టినది. కరువు ఎరిగిన తరానికి ఆ గోడ ఉదాత్తంగా కనబడటంలో ఆశ్చర్యమేమీ లేదు, అది తప్పు కూడా కాదు. పైగా అక్కడ మహత్తు కొండది కాదు, శ్రమది. నగరంలో కుళాయి తిప్పుకుని కృష్ణ నీళ్ళు తాగుతూ, ఆనకట్టలన్నీ పాపమేనని రాసే ఫ్యాషన్‌లో నేను చేరదలచుకోలేదు.

కాని ఆ గోడ వెనక ఏం మునిగిందో కూడా చూడాలి. పైన శ్రీశైలం దగ్గర 1981లో వందకు పైగా గ్రామాలు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు లక్షమంది ఊరు విడిచారు. అదే ప్రాజెక్టు కింద కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. చాళుక్యుల శిల్పం దక్కినందుకు నాకు సంతోషమే. రాళ్ళకు ఒక క్రమం ఉంది, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో రాసిపెట్టారు. ఊళ్ళకు అటువంటి పటం ఎవరూ గీయలేదు; ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో అనే లెక్క నీళ్ళలో పోయింది. ఇప్పటికీ గేట్లు ఎత్తారనగానే కార్లూ బస్సులూ కట్టుకుని జనం వెళతారు. తుంపర మీద పడుతుంటే కేరింతలు కొడతారు. అదే నీరు కింద లంక గ్రామాలకు చేరేసరికి వరద. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైగా వచ్చినప్పుడు, కట్టిన ఇంజనీర్లు ఊహించుకున్న గరిష్ఠం 19 లక్షలే. ఆ రోజు గట్టు మీద నిలబడ్డవాళ్ళకూ కాంట్ షరతు వర్తించలేదు.

ఆ షరతును అందరికన్నా కఠినంగా పరీక్షించింది దివిసీమ. 1977 నవంబరు 19. ఆ ఉప్పెనను వాతావరణ మార్పు ఖాతాలో వెయ్యటం నా ఉద్దేశం కాదు. ఆ లెక్క వేరు. వేడెక్కిన సముద్రం మీద బలమైన తుఫాన్ల పాలు పెరుగుతుందనీ, సముద్రమట్టం లేచినకొద్దీ ఉప్పెన ఇంకా లోపలికి చొరబడుతుందనీ శాస్త్రం చెబుతున్నది గనుక, రాబోయేదాన్ని అర్థం చేసుకోవటానికి దివిసీమ ఒక పాఠం. ఐదు మీటర్లకు పైగా లేచిన నీరు సొర్లగొంది వంటి ఊళ్ళను తుడిచిపెట్టింది. చనిపోయినవాళ్ళు పది వేలకు పైనే. వాళ్ళెవరు? మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు, తాటాకు గుడిసెల్లో ఉన్నవాళ్ళు. బతికినవాళ్ళలో చాలామంది ఏదో ఒక డాబా మీదకో, గుడి మీదకో ఎక్కగలిగినవాళ్ళు. కాంట్ చెప్పిన సురక్షిత స్థానం కృష్ణా జిల్లాలో సిమెంటు కప్పు రూపంలో ఉండేది. అది ఎవరికి ఉందో పట్టాదారు పుస్తకం చూస్తే తెలిసిపోతుంది. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను కోస్తాను తాకింది. ఈసారి మృతులు సుమారు వెయ్యి. మధ్యలో మారింది సముద్రం కాదు. హెచ్చరిక ముందే చేరింది, తుఫాను రక్షణ భవనాలు లేచాయి, లక్షలాదిమందిని తరలించారు. అంటే సురక్షిత స్థానం మనసులో పుట్టే భావం కాదు, సమాజం కట్టే కట్టడం.

ఇదంతా విన్నాక ఒక సాహిత్య తరగతిలో ఒక విద్యార్థిని నన్నడిగింది: "అయితే సార్, సముద్రాన్ని చూసి ఒళ్ళు జలదరించటం కూడా బూర్జువా లక్షణమేనా?" నవ్వు వచ్చిందిగాని ప్రశ్న గట్టిది. కాదనే నా జవాబు. వేటకు పోయేవాడు గంగమ్మకు దణ్ణం పెట్టి పడవ దించుతాడు. ఆ దణ్ణంలో విస్మయం ఉంది, భయం ఉంది, రేపటి పూట ఉంది. అలల రంగునూ గాలి మళ్ళటాన్నీ అతను మనకన్నా సూక్ష్మంగా చూస్తాడు. ఎడంగా నిలబడకపోయినా విస్మయం సాధ్యమేనని అతనే రుజువు. భయపడేవాడు గ్రహించలేడన్న కాంట్ తీర్పును కొట్టెయ్యటానికి అతని సాక్ష్యం చాలు. సవోయ్ రైతును ఎవరైనా ఇంకో ప్రశ్న అడిగి ఉంటే ఏం చెప్పేవాడో!

ఈ కొలతతో నేటి కళను చూస్తే కొన్ని తేడాలు తెలుస్తాయి. కెనడా ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ 2000 ప్రాంతంలో చిట్టగాంగ్ తీరంలో పాత ఓడలను కోసే చోట తీసిన పెద్ద పెద్ద ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. అవి నన్ను ఆకట్టుకోలేదని అబద్ధం చెప్పను. బురదలో నిలబెట్టిన ఓడ ముక్క కోటగోడలా ఉంటుంది. దాని ముందు మనుషులు అగ్గిపుల్లలంత. ఆ అగ్గిపుల్లలు అక్కడ ఉన్నది ఓడ ఎంత పెద్దదో మనకు తెలియటానికి. వాళ్ళ ఊపిరితిత్తుల్లో ఏముందో ఆ దూరంనుంచి కనబడదు. మురికిని ఇంత అందంగా చూపవచ్చునా అన్న పాత విమర్శ నాది కాదు. అందంగా చూపనివ్వండి, కాని కెమెరా ఎప్పుడూ ఎత్తు మీదే ఎందుకుంటుంది?

డెన్మార్కు, ఐస్‌లాండ్ మూలాలున్న ఓలాఫర్ ఎలియాసన్ 2015 డిసెంబరులో, ప్యారిస్ వాతావరణ మహాసభ జరుగుతుండగా, గ్రీన్‌లాండ్ సముద్రంలో తేలుతున్న 12 మంచు దిమ్మెలను తెచ్చి నడివీధిలో గడియారం అంకెల్లా పేర్చాడు. జనం వాటిని తాకారు, చెవులానించి విన్నారు, పిల్లలు నాలుకతో రుచి చూశారు. అవి కరిగిపోయాయి. ఓడలమీద మంచు మోసుకొచ్చి కరిగించి వాతావరణం గురించి బోధించటంలోని వైరుధ్యాన్ని చాలామంది ఎత్తిచూపారు, వాళ్ళ మాటలో నిజముంది. అయినా నాకు ఈ పని మొదటిదానికన్నా మెరుగ్గా తోచింది. చూసేవాడి కాళ్ళకింద తడి చేరింది కనుక. ఐస్‌లాండ్‌లో 'ఓక్' అనే హిమానీనదం చచ్చిపోయిందని 2014లో నిర్ణయించి, 2019 ఆగస్టులో దానికి స్మారక ఫలకం పెట్టారు. ఆనాటి గాలిలోని బొగ్గుపులుసు వాయువు లెక్క, 415, దానిమీద చెక్కారు. మన పరిభాషలో చెప్పాలంటే అద్భుతానికి స్థాయి అయిన విస్మయం తొలగి, కరుణకు స్థాయి అయిన శోకం వచ్చి కూర్చున్నది. అది అర్థవంతమైన మార్పే. శోకం తీరాక ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయే ప్రమాదం దానికీ ఉంది.

అయితే వీటన్నిటికీ చిక్కని వస్తువు ఒకటి మన దగ్గర ఉంది, అది ఎండ. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. 1990 తుఫానుకు పోయినవాళ్ళకు రెండింతలు. కాని అలలేదు, గాలిహోరు లేదు, కూలిన చెట్టు లేదు. బర్క్ అడిగిన చీకటి లేదు. ఉన్నదంతా కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుతురే. ఒక్కో ఊళ్ళో ఒకరిద్దరు, ఉపాధి పనికి పోయినవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు, రేకుల కప్పు కింద పడుకున్న ముసలివాళ్ళు, సాయంత్రానికి లేకుండా పోయారు. ఉప్పెనకు పద్యం ఉంది, ఎండకు జిల్లా పేజీలో నాలుగు పంక్తుల వార్త ఉంది. ఉదాత్తత అనే పరికరం పెద్దదాన్నీ, హఠాత్తుగా వచ్చేదాన్నీ మాత్రమే పట్టేలా తయారైంది. మెల్లగా, విడివిడిగా చంపేదాన్ని అది జారవిడుస్తుంది.

ఎండను రాయదలచుకున్న యువ రచయితలకు ఒక చిన్న సమాచారం ఇక్కడ పనికొస్తుందేమో. రెంటచింతలలో ఇంత, రామగుండంలో ఇంత అని పత్రికలు వేసే ఉష్ణోగ్రతను కొలిచేది నీడలోనే. తెల్ల రంగు వేసి, గాలి ఆడేలా పలకలు అమర్చిన చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, వేడిమికొలత వేలాడుతుంది. ఆ పెట్టెను రూపొందించినవాడు థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండు ఇంజనీరు, 'ట్రెజర్ ఐలండ్' నవల రాసిన రచయితకు తండ్రి. శాస్త్రానికి ఆ పెట్టె అవసరమే. ఊరికీ ఊరికీ పోల్చాలంటే అందరూ ఒకే నీడలో కొలవాలి. కనుక 47 డిగ్రీలని చదివినప్పుడు అది పెట్టె లోపలి అంకె. తారు కాగుతున్న రోడ్డు మీద, కాళ్ళకు గోనెపట్టా చుట్టుకుని కంకర పరుస్తున్న మనిషి ఉన్నది పెట్టె బయట.